శునక సాహచర్యము – స్త్రీల యారోగ్యము

మానవునితో చెలిమి చేసిన జంతువులలో కుక్క మొట్టమొదటిది. ఆవును, గొఱ్ఱెను, గుఱ్ఱమును మచ్చిక చేసికొనుటకు వేలకొలది యేండ్లు ముందుగనే, మానవుడింకను వేటవలన జీవించుచున్న కాలమునందే, కుక్క యాతని నెగడిచెంత చేరినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇంత ప్రాచీనమైన యీ స్నేహమును మన పెద్దలు రెండు తీరుల భావించిరి. ఒకవంక కుక్కను నీచజంతువని యెంచి గడప దాటనీయక తఱిమిరి. మఱియొకవంక, తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని పలికిన ధర్మరాజు కథను భారతమునందు భక్తితో చదివిరి. ఆ భారతమునందే, ఆదిపర్వమున, సరమ యను దేవశునకి కథ గలదు. జనమేజయుని తమ్ములు ఏ తప్పును చేయని సరమ కుమారుని కొట్టగా, ఆ తల్లి వారికడకు వచ్చి, నా బిడ్డ నేల కొట్టితిరని యడిగెను. సరియైన యుత్తరము రాకపోగా, ఊహింపని భయము మిమ్ము పొందునని పలికి పోయెను. ఒక యాడుకుక్క నోట ధర్మమును చెప్పించిన కథ మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనదని బాలబాలికలు గుర్తుంచుకొందురు గాక.

అయితే యీ వ్యాసమున చెప్పదలచినది పురాణకథ కాదు. కుక్కను పెంచుటవలన స్త్రీల దేహారోగ్యమునకును, మనస్సౌఖ్యమునకును కలుగు లాభమెట్టిది? నష్టమెట్టిది? శాస్త్రజ్ఞులు ఈ విషయమును లెక్కలు కట్టి పరిశీలించియున్నారు. వారు కనుగొన్న సంగతులలో మన తల్లులకు, అవ్వలకు, అక్కచెల్లెండ్రకు ఎంతమాత్రము వర్తించునో చూతము.

మన సీమయందలి స్త్రీలును, కుక్కలును

పెనుకొండ, హిందూపురము, ధర్మవరము ప్రాంతములు వాన తక్కువగల మెట్టసీమలు. వేరుసెనగ సేద్యమును, గొఱ్ఱెల పెంపకమును, పట్టు పరిశ్రమయు ఇచ్చట అనేకులకు జీవనాధారములు. మందవెంట బీళ్లయందు తిరుగు కాపరులకు కుక్క యత్యవసరమైన తోడు. రాత్రి పొలములో మంద నిలిపినప్పుడు తోడేలు వచ్చినను, చిఱుతపులి వచ్చినను ముందుగా పసికట్టునది కుక్కయే. ఈ కుక్కలకు గొప్ప జాతిపేరులు లేవు. మనము నాటుకుక్కలని పిలుచు నివియే మన యెండకును, మన రాగిసంకటికిని అలవాటుపడినవి. వేలకొలది రూపాయలు పోసి బొచ్చుకుక్కలను తెచ్చి, వేసవిలో వానిని బాధపెట్టుటకంటె, మన వీధిలో పుట్టిన కుక్కపిల్లను పెంచుట దయయు, వివేకమును అగును.

ఇక మన స్త్రీలను మూడు విధములవారినిగా తలంచుకొందము. వేరుసెనగ చేలలో కలుపు తీయుచు, కట్టెలు మోయుచు దినమెల్ల కష్టించు కూలి స్త్రీ యొకతె. ధర్మవరమున మగ్గముగల యింట పట్టునూలు చుట్టుచు, లేదా పట్టణమున కచేరీయందు వ్రాతపని చేయుచు, దినమెల్ల కూర్చుండియుండు స్త్రీ యొకతె. కొడుకులు బ్రదుకుదెరువునకై బెంగుళూరు చేరగా, పల్లెయింట నొంటరిగా మిగిలిన అవ్వ యొకతె. ఈ మువ్వురును మన కందఱికిని ఎఱుకపడినవారే. వీరిని మనస్సునందుంచుకొని మిగిలిన విషయమును చదువుడు.

నడకవలన లాభము

పెద్దవారు వారమునకు కనీసము 150 నిమిషములు మితమైన వ్యాయామము చేయవలెనని ప్రపంచారోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. చురుకుగా నడచుటయు నిట్టి వ్యాయామమే. దినమునకు ముప్పది నిమిషముల చొప్పున వారములో అయిదు దినములు నడచినచో నీ లెక్క పూర్తియగును. దీనివలన రక్తపుపోటు అదుపులో నుండును; హృద్రోగము, మధుమేహము రాకుండుటకు సాయమగును; ఎముకలకు బలము నిలుచును. ముట్లుడిగిన పిదప స్త్రీల యెముకలు త్వరితముగ బలము కోల్పోవును గనుక, నడక వారికి మఱింత యవసరము.

వినుటకిది సులభము. కాని వంటపని, యింటిపని, పిల్లలపని తలపైనున్న స్త్రీకి తనకొఱకై అరగంట తీసికొనుట కష్టము. ఊరక నడచుచున్నదేమని యిరుగుపొరుగువారు నవ్వుదురేమో యను సంకోచము కూడ నుండును. ఇచ్చటనే కుక్క సాయపడును. వేళకు అది వాకిట నిలిచి, తోక యూపుచు, మొగము చూచుచు పిలుచును. తనకై నడువని యామె దానికై నడచును. అడిగినవారికి, కుక్కను త్రిప్పుటకు పోవుచున్నానని చెప్ప వీలగును.

అమెరికాదేశమున 50 మొదలు 79 ఏండ్లవఱకు వయస్సుగల స్త్రీల యారోగ్యమును గూర్చి ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అను గొప్ప పరిశోధన జరిగినది. అందు చేరిన స్త్రీలలో కుక్కలుగలవారు సుమారు 37,000 మందిని, కుక్కలు లేనివారు 1,15,000 మందికి పైగా తీసికొని, యిరుతెగలవారిని పోల్చి 2015వ సంవత్సరమున ఫలితములను ప్రకటించిరి. కుక్కలుగల స్త్రీలు వారమునకు 150 నిమిషములు నడచుట కొంత హెచ్చుగ కనబడెను. కదలక కూర్చుండుట కొంత తక్కువగ కనబడెను. అయితే తక్కిన వ్యాయామములన్నియు కలిపి లెక్కించినప్పుడు వారు ఇతర స్త్రీలను మించలేదు. ఒంటరిగా నివసించు స్త్రీల విషయమున మాత్రము మేలు విశేషముగ కనబడెను. ఈ తుదిమాటను మఱువవలదు. దీనికి మరల వత్తము.

ఇప్పుడు మన మువ్వురు స్త్రీలను తలంచుకొనుడు. చేనియందు దినమెల్ల వంగి పనిచేసిన యామెకు సాయంకాలమున మఱియొక నడక యవసరములేదు. ఆమెకు కావలసినది విశ్రాంతియు, మంచి యాహారమును. మగ్గపుటింటను, కచేరీయందును కూర్చుండియుండు నామెకో, కుక్కతోడి యరగంట నడక మందువలె పనిచేయగలదు. కనుక పరదేశపు లెక్కను మన యూరికి తెచ్చునప్పుడు, అది యే స్త్రీకి సరిపడునని మొదట విచారింపవలెను.

మనస్సునకు నెమ్మది

మనము కలత చెందినప్పుడు గుండె వడిగా కొట్టుకొనును, రక్తపుపోటు హెచ్చును, చేతులు చెమర్చును. పరీక్షాశాలలో లెక్కలపత్రము చేతికి వచ్చినప్పుడు విద్యార్థులెల్లరు దీని ననుభవించియే యుందురు. ఈ లెక్కల భయముతోనే అమెరికాయందలి శాస్త్రజ్ఞులు ఒక చక్కని పరీక్ష చేసి, 1991వ సంవత్సరమున ప్రకటించిరి. కుక్కలను పెంచు 45 మంది స్త్రీలను పిలిచి, మనస్సులోనే తీసివేత లెక్కలను వడివడిగా చేయుడనిరి. కొందఱి ప్రక్కన వారి ప్రియస్నేహితురాలు కూర్చుండెను. కొందఱి ప్రక్కన వారి కుక్క యుండెను. కొందఱి ప్రక్కన పరీక్షచేయువారు తప్ప వేఱెవరును లేరు.

స్నేహితురాలు ప్రక్కనుండిన స్త్రీలకే కలత హెచ్చాయెను, తప్పులును హెచ్చాయెను. కుక్క ప్రక్కనుండినవారి నాడి నెమ్మదిగ నుండెను. కారణ మేమి? స్నేహితురాలు ఎంత మంచిదైనను, నేను తప్పు చేసినచో నన్నేమనుకొనునో యను శంక లోపల కదలుచుండును. కుక్కకు తీసివేతలు రావు. అది తప్పొప్పులు ఎన్నదు. మన దేశమున స్త్రీ చేయు ప్రతిపనికిని, వంటలో ఉప్పు మొదలు కట్టిన చీరవఱకు, తప్పులెన్నువా రనేకులు. ఎన్నని ప్రాణి యొక్కటి యింటనుండుట ఆమెకెంత యూరటయో పురుషులు, పిల్లలు ఆలోచింపవలెను.

రోగుల పరిచర్యను శాస్త్రముగ తీర్చిన ఫ్లారెన్సు నైటింగేలు కూడ ఈ సంగతి నెఱిగినదే. దీర్ఘరోగులకు చిన్న పెంపుడుజంతువు మంచి తోడగునని ఆమె తన పరిచర్యాగ్రంథమున, 1860వ సంవత్సర ప్రాంతమున, వ్రాసియున్నది. ఆమె జీవితచరిత్రకారులు చెప్పు కథ యొక్కటి కలదు. ఆమె బాల్యమున నొక గొఱ్ఱెలకాపరి కుక్కను కొంటెపిల్లలు ఱాళ్లతో కొట్టి కాలు చెఱచిరి. ఇక నిది పనికిరాదని కాపరి దానిని చంపబూనెను. ఫ్లారెన్సు పోయి చూడగా, ఎముక విఱుగలేదని తెలిసెను. వేడినీట ముంచిన గుడ్డలతో కాపడము పెట్టి ఆమె దానిని బాగుచేసెను. ఆమె తొలిరోగి యొక గొఱ్ఱెలకుక్క యని ముచ్చటగ చెప్పుకొందురు. ఆ కుక్కయు మన కాపరుల కుక్కవంటిదే. ఆ ఱాళ్లు విసరిన పిల్లలవంటివారు మన వీధులయందును కలరు.

ఒంటరి యింటిలో తోడు

స్వీడనుదేశమున ప్రతి పౌరుని వైద్యవిషయములును దేశపు పుస్తకములయందు వ్రాయబడియుండును. పెంపుడుకుక్కల పేరులు సైతము వేఱొక పుస్తకమున చేర్పవలెనని చట్టము గలదు. ఈ రెండు పుస్తకములను జతపఱచి, 40 మొదలు 80 ఏండ్లవఱకు వయస్సుగల 34 లక్షలకు పైబడిన స్త్రీపురుషులను గూర్చి, పండ్రెండేండ్ల కాలమున జరిగినది పరిశీలించి, 2017వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు ఫలితమును తెలిపిరి. ఒంటరిగా నివసించువారిలో, కుక్కలుగలవారు ఆ కాలమున మరణించుట కుక్కలు లేనివారికంటె సుమారు 33 శాతము తక్కువ. నలుగురితో కలిసి నివసించువారిలో ఈ భేదము సుమారు 11 శాతము మాత్రమే.

అమెరికాలోని స్త్రీల నడకను గూర్చి పైన చెప్పిన మాటను, ఈ లెక్కను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెండును ఒక్క సంగతినే చెప్పుచున్నవి. కుక్కవలన మేలు ఒంటరివారికే హెచ్చు. నిండుటింటిలో కుక్క యొక వేడుక. ఒంటరి యింటిలో అది తోడు.

ఇప్పుడు మన పల్లెలోని అవ్వను తలంపుడు. కొడుకు బెంగుళూరునుండి ఫోనులో మాటాడును, పండుగకు వచ్చును. తక్కిన దినములయందు ఆమె పొయ్యి వెలిగించుట తనకొక్కతెకే. ఒక్క ప్రాణమునకు వంట యేల యని రాత్రి పస్తుండు వృద్ధురాండ్రు మన యూళ్లలో లేకపోలేదు. వాకిట కుక్కయున్నచో దానికైనను ముద్ద వేయవలెను గనుక పొయ్యి వెలుగును. దానితోపాటు తానును తినును. తెల్లవాఱగనే లేచుటకు కారణముండును. దానితో మాటాడుటకు నోరు కదలును. కుక్క వెంటనుండగా వీధిలో పిల్లలు పలుకరింతురు; ఇరుగువా రాగుదురు. రాత్రి తలుపు చప్పుడైనచో ముందు మొఱుగునది యున్నదను ధైర్యమున నిద్రపట్టును. మంచి నిద్రయు, వేళకు భోజనమును, నలుగురి మాటయు వృద్ధులకెంత బలమో చెప్పనక్కఱలేదు.

మడి యాచారము పాటించు అవ్వలు, కుక్క యిల్లు చొచ్చునేమో యని వెనుదీయవచ్చును. కుక్క యింటిలోపల నుండవలెనను నియమమేమియు లేదు. వాకిట నీడపట్టున గోనెపట్ట పఱచి, నీళ్లతొట్టి యుంచినను, ఆ స్నేహమునకు లోటురాదు.

లెక్కలను చదువు విధము

ఇచ్చట విద్యార్థులు ఒక హెచ్చరికను గ్రహింపవలెను. కుక్కలుగలవారు ఎక్కువకాలము బ్రదికిరని చెప్పుట వేఱు. కుక్కవలననే బ్రదికిరని చెప్పుట వేఱు. కాళ్లలో సత్తువయు, చేతిలో కాసును గలవారే కుక్కను తెచ్చుకొని యుండవచ్చును. మంచమునుండి లేవలేని రోగి కుక్కను తెచ్చుకొనడు గదా! అప్పుడు ఆరోగ్యమే కుక్కను తెచ్చినదగును గాని, కుక్క యారోగ్యమును తెచ్చినది కాదు. గొడుగు పట్టినవా రెక్కువగ కనబడిన దినమున వాన కురియును. అందుచేత గొడుగులే వానను తెచ్చినవందుమా? పరిశోధకులు వయస్సును, సంపాదనను, పూర్వరోగములను లెక్కలోనికి తీసికొని యీ దోషమును కొంత సవరింతురు, పూర్తిగ సవరింపలేరు. కావున, కుక్క మందు కాదు; మంచి యలవాటులకు దారిచూపు తోడని మాత్రము మనము భావింపదగును.

మొదటి కీడు: జలభీతి

కుక్కవలని లాభములను చెప్పి, దానివలని ప్రాణభయమును చెప్పకుండుట పాపము. పిచ్చికుక్క కాటువలన వచ్చు జలభీతి, అనగా రేబీసు, లక్షణములు కనబడిన పిదప దాదాపు నిశ్చయముగ ప్రాణము తీయును. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది దీనివలన మరణింతురని అంచనా. వారిలో 100కు 40 మంది పదునైదేండ్లలోపు పిల్లలు. మనుష్యులకు వచ్చు ఈ రోగములో 100కు 99 వంతులు కుక్కలవలననే వచ్చును.

దీనికి మందు కనిపెట్టిన చరిత్రయందు స్త్రీల పాలు గలదు. 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన అల్సాసు ప్రాంతపు తల్లి యొకతె, పిచ్చికుక్క కఱచిన తన తొమ్మిదేండ్ల కుమారుడు జోసెఫ్ మైస్టరును వెంటబెట్టుకొని, పారిసు నగరమున లూయీ పాశ్చరుకడకు పోయెను. అంతకుముందు మనుష్యులపై సరిగా పరీక్షింపబడని టీకాను పాశ్చరు ఆ బాలునికి వేయించెను, బాలుడు బ్రదికెను. మన దక్షిణదేశమున, 1902వ సంవత్సరమున లిల్లీ పేకనం వాల్ష్ అను ఆంగ్లయువతి సకాలమున చికిత్స లభింపక జలభీతిచే మరణించెను. ఆ దుఃఖమే ప్రేరణగా, నీలగిరులయందు కూనూరున 1907వ సంవత్సరమున పాశ్చరు వైద్యశాల వెలసెను. మన జిల్లా మదరాసు రాజధానిలో నుండిన కాలమది. గొఱ్ఱె మెదడునుండి చేసిన పాత మందును కడుపుపై అనేక దినములు పొడిపించుకొనవలసి యుండెను. ఆ పాతమందు 2004వ సంవత్సరాంతమున మన దేశమున నిలిపివేయబడినది. ఇప్పటి మందు శుద్ధమైనది, చేతికి వేయుదురు, బాధ స్వల్పము. కనుక పాతకథలు విని వెఱవ నక్కఱలేదు.

కుక్క కఱచినను, గీరినను, గాయముపై నాకినను, వెంటనే పాఱు నీటితోను సబ్బుతోను పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు, నూనె, ఆకుపసరు ఏదియు పూయరాదు. మంత్రగానికడ ప్రొద్దు పుచ్చరాదు. ఆ దినమే ప్రభుత్వ వైద్యశాలకు పోయి సూది వేయించుకొని, వైద్యుడు చెప్పిన తక్కిన తేదీలలో ఒక్కటియు తప్పక పూర్తిచేయవలెను. నెత్తురు వచ్చిన కాటునకు గాయముచుట్టును వేయు వేఱొక మందు కూడ నవసరము. కుక్క మంచిదే, పదిదినములు చూచి పోదమని యాగరాదు. కుక్కను చూచుచునే చికిత్స నారంభింపవలెను.

స్త్రీలు ముఖ్యముగ తెలియవలసిన మాట యొక్కటి గలదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును ఈ టీకాను నిర్భయముగ వేయించుకొనవచ్చును. కడుపులోని బిడ్డకేమగునో యని వెనుదీసినచో, తల్లియు బిడ్డయు ఇద్దఱును పోవుదురు. కూలి పోవునని, ఇంటిపని చెడునని, చిన్నగీఱే గదా యని, గాయమును కొంగున దాచుకొను తల్లు లుందురు. పిల్లలారా! మీ యింట నట్టిది జరిగినచో, అమ్మ వలదన్నను వినక, నాయనకు తెలిపి వైద్యశాలకు తీసికొని పొండు. ఈ వ్యాసములో ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నను చాలును.

తక్కిన కీడులు

గొఱ్ఱెలును, కుక్కలును, మనుష్యులును కలిసి మెలగు సీమలయందు మఱియొక రోగము గలదు. గొఱ్ఱె కాలేయమునందును, ఊపిరితిత్తులయందును నీటితిత్తులుగా పెరుగు పురుగును కుక్క పచ్చిగా తిన్నచో, ఆ పురుగు కుక్క ప్రేగులలో పెద్దదై గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు మలముతో వెలువడి, చేతులద్వారా, కూరగాయలద్వారా మనకడుపు చేరి, మన కాలేయమున తిత్తులుగా పెరుగును; ఏండ్లకు గాని బయటపడవు. కుక్కలతో మిక్కిలి సన్నిహితముగ మెలగు ఉత్తర కెన్యాయందలి తుర్కానా జాతిలో స్త్రీలకే యీ రోగము హెచ్చని వైద్యులు కనుగొనిరి. ఇంటికడ కుక్కతో మెలగువారు వారే గనుక. దీనికి నివారణ సులభము. గొఱ్ఱెను కోసినప్పుడు చెడిన కాలేయమును కుక్కకు విసరక, లోతుగా పాతవలెను. పశువైద్యుడు చెప్పిన ప్రకారము కుక్కకు పురుగుల మందు పోయవలెను. కుక్కను తాకిన చేతులను సబ్బుతో కడిగిన పిదపనే పిండి కలుపవలెను, పిల్లలకు తినిపింపవలెను.

ఇంకొకటి పడుట. అమెరికాదేశమున 2001 మొదలు 2020వఱకు, గొలుసుపట్టి కుక్కను నడిపించుచు గాయపడి వైద్యశాలల కత్యవసరముగ వచ్చినవారు 4,22,000కు పైబడిరని లెక్క. వారిలో నాల్గింట మూడువంతులు స్త్రీలు. వ్రేళ్లు విఱుగుటయు, తలకు దెబ్బతగులుటయు, భుజము బెణకుటయు ముఖ్యమైన గాయములు. ఎముక బలహీనమైన అవ్వ, బలిసిన కుక్క గొలుసును మణికట్టునకు చుట్టుకొని నడచుట ప్రమాదము. అవ్వకు చిన్నదియు, నెమ్మదియైనదియు నగు కుక్క తగినది.

పని యెవ్వరిది?

ఇక నన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న. కుక్కను తెచ్చునది తఱచుగ బాలుడు. ముద్దు చేయునది యిల్లెల్ల. నాలుగు దినములైన పిదప దానికి సంకటి కలుపుట, పేడవలె మలమెత్తుట, స్నానము చేయించుట, రోగమువచ్చిన కూర్చుండుట ఎవ్వరి వంతు? అమ్మ వంతు! తెల్లవాఱుజామునుండి రాత్రివఱకు పనితో నలిగిన స్త్రీకి ఇది యింకొక బిడ్డను పెంచుటయే యగును. అట్టి యింట కుక్కవలన ఆమె రక్తపుపోటు తగ్గదు, పెరుగును. పరదేశపు లెక్కలలో కనబడిన మేలు, తన యిష్టముతో కుక్కను పెంచుకొని, దానితో గడపుటకు తీరికగలవారికి వచ్చిన మేలని మఱువరాదు.

కావున కుక్కను తెచ్చుటకు ముందే పని పంచుకొనవలెను. ఉదయమున నీళ్లుంచుటయు, మలమెత్తి పాతుటయు పిల్లల పని. మూడునెలల వయస్సున పశువైద్యశాలకు కొనిపోయి రేబీసు టీకా వేయించుటయు, ఏటేట మరల వేయించుటయు నాయన పని. పాశ్చరు దినమైన జూలై 6వ తేదీని పురస్కరించుకొని, మన రాష్ట్రమున పశుసంవర్ధకశాఖవారు పెంపుడుకుక్కలకు ఉచితముగ టీకాలు వేయుట గలదు. ఆ దినమును గోడక్యాలెండరుపై గుర్తుపెట్టుకొనుడు. పిల్లలు వలదనుకొన్నచో శస్త్రచికిత్స చేయించుట యింటివారందఱి బాధ్యత. కుక్క ఆయువు పదిపండ్రెండేండ్లే గనుక, అది పోయిన దినమున దుఃఖించు స్త్రీని చూచి, కుక్కకై యేడ్చునాయని నవ్వకుండుట సహితము మన పనియే.

ముగింపు

ఇంతవఱకు చెప్పినదాని సారమిది. కుక్కవలన స్త్రీకి కలుగు మేలు నిజమైనదే. అది ఒంటరియైన స్త్రీకి మిక్కిలి హెచ్చు. ఆ మేలు దక్కుటకు రెండు కావలెను: కుక్కకు టీకా, స్త్రీకి తీరిక. ఈ రెంటిని సమకూర్చువారు ఇంటిలోని తక్కినవారు.

విద్యార్థులారా! వేసవి సెలవులకు మీరు మీ పల్లెలకు పోవుదురు. అచ్చట మీ అవ్వ వాకిట నాటుకుక్క యొక్కటి పడుకొనియుండవచ్చును. దానిపై ఱాయి విసరకుడు. దానికి టీకా వేయించిరో లేదో యడుగుడు. వేయింపకున్నచో, త్రాడుకట్టి పశువైద్యశాలకు తీసికొని పొండు; చీటీ తెచ్చి అవ్వకు చదివి వినిపింపుడు. సాయంకాలము అవ్వను, కుక్కను వెంటబెట్టుకొని చెఱువుకట్టవఱకు నడచి రండు. సెలవులు ముగిసి మీరు బడికి తిరిగివచ్చిన పిదప ఆ దారిని వారిద్దఱే నడతురు.